వండిన చేతికీ ఓ విస్తరి

కోట్లమందికి వంట చూపించిన ఇద్దరు తెలుగు పెద్దవాళ్ల కథ, మూడు షిఫ్టుల మధ్య నలిగే సింగరేణి వంటగదికి ఏం చెబుతోంది?

సింగరేణి బొగ్గుగనుల సెంటినరీ కాలనీ క్వార్టర్లలో అన్నం వేళను షిఫ్టు నిర్ణయిస్తుంది. ఫస్ట్ షిఫ్ట్ మనిషి ఉన్న ఇంట్లో తెల్లవారకముందే కుక్కర్ కూత పెడుతుంది. టిఫిన్ గిన్నెలో అన్నం, కూర, ఓ మూల ఇంత తొక్కు సర్దితే తప్ప మనిషి గడప దాటడు. సెకండ్ షిఫ్ట్ మనిషి మధ్యాహ్నం తిని డ్యూటీకి పోయి, వాడంతా నిద్రపోయాక వచ్చి మళ్లీ కంచం ముందు కూర్చుంటాడు. నైట్ షిఫ్ట్ దిగి పొద్దున ఇంటికి చేరినవాడికి ముందు తినాలో, ముందు పడుకోవాలో తేలదు. అదే ఇంట్లో బడి వేళకు తయారవ్వాల్సిన పిల్లలుంటారు. షుగర్ మాత్ర వేసుకుని వేళ తప్పకుండా తినాల్సిన అత్త ఉంటుంది. వారం తిరిగేసరికి షిఫ్టు మారుతుంది, దాంతోపాటు పొయ్యి వెలిగించే వేళా మారుతుంది.

ఇన్ని వేళల్లో ఇంతమందికి వండే మనిషి తను ఎప్పుడు తింటుందని అడిగేవాళ్లు తక్కువ.

ఆ వంటగదిలోనే ఇప్పుడు పోపులడబ్బాకు ఆనించిన సెల్‌ఫోన్ ఒకటి ఉంటోంది. అందులో ఎవరో ఒకరు వండుతూనే ఉంటారు. సెలబ్రిటీ షెఫ్ అనగానే తెల్లకోటు, పొడుగు టోపీ, పెద్ద హోటల్ గుర్తుకు రావడం సహజం. అలాంటివాళ్లూ మనకున్నారు. హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, షికాగోలో రెస్టారెంట్లు నడిపి, 2007లో వారెవా వెబ్‌సైట్‌తో ఇంటింటికీ వంట నేర్పిన సంజయ్ తుమ్మ ఆ దారిలో తెలుగువాళ్లకు ముందు నడిచిన మనిషి. ఆయన తర్వాత ప్రపంచం కళ్లప్పగించి చూసిన ఇద్దరు తెలుగు వంటవాళ్లకు మాత్రం కోటూ లేదు, టోపీ లేదు, హోటల్ ఉద్యోగమూ లేదు. ఒకరు గుంటూరు జిల్లా పల్లెలో కట్టెల పొయ్యి ముందు కూర్చున్న మస్తానమ్మ. ఇంకొకరు తెలంగాణలో ఆరుబయట మంటమీద పెద్ద పెనం ఎక్కించిన నారాయణ రెడ్డి తాత.

కుటుంబం గురించీ ఆరోగ్యం గురించీ వాళ్లు ఉపన్యాసాలివ్వలేదు. ఎవరికోసం వండారు, వండినదాన్ని ఏం చేశారు అన్నదాంట్లోనే వాళ్ల ఆలోచన ఉంది. పొద్దూ మాపూ విడివిడిగా తినే బొగ్గుబాయి కుటుంబాలకు ఆ ఆలోచన చాలా దగ్గరిది.

ఒంటరి గుడిసెలో పొయ్యి

కర్రె మస్తానమ్మది గుంటూరు జిల్లాలోని గుడివాడ. కృష్ణా జిల్లాలో అందరికీ తెలిసిన పట్టణం వేరు, ఈ పల్లె వేరు. పసితనంలోనే ఆమెను ఒక ముస్లిం కుటుంబం పెంచుకుంది, మస్తానమ్మ అనే పేరు ఆ ఇంట్లో వచ్చిందే. పదకొండేళ్లకు పెళ్లి. ఇరవై రెండేళ్లకు భర్త పోయాడు. ఐదుగురు పిల్లల్లో బతికి బట్టకట్టింది ఒక్క కొడుకే. కూలినాలీ చేసుకుని బతికిన మనిషి, ముసలితనంలోనూ తన గుడిసెలో తను ఒక్కతే ఉండి, తన పని తను చేసుకునేది.

ఆమె ప్రపంచానికి తెలియడానికి కారణం వంట రాని ఇద్దరు కుర్రాళ్లు. మునిమనవడు లక్ష్మణ్, అతని స్నేహితుడు శ్రీనాథ్ రెడ్డి హైదరాబాద్‌లో గదిలో ఉండి ఉద్యోగాలు చేసుకుంటూ, ఆకలైనప్పుడు తామే ఏదో ఒకటి వండుకోవాల్సిన అవస్థలో ఉన్నారు. తమలాంటివాళ్లు ఎందరో ఉంటారు కదా అని 2016లో కంట్రీ ఫుడ్స్ పేరుతో యూట్యూబ్ ఛానల్ పెట్టారు. ఊళ్లో ముసలవ్వ చేతివంట గుర్తొచ్చి ఆమెను కెమెరా ముందు కూర్చోబెట్టారు. వంకాయ కూర వీడియోతో జనం ఆగి చూశారు. పుచ్చకాయను తొలిచి అందులో కోడికూర వండిన వీడియోతో ఆమె పేరు దేశాలు దాటింది.

ఆ వీడియోల్లో కొలత చెంచాలు కనపడవు. అల్లం పొట్టును గోటితోనే గీరేసేది. ఉప్పూ కారమూ చేతి అంచనా. నేలమీద గొంతుక్కూర్చుని, పొగ కళ్లల్లోకి వస్తుంటే మొహం పక్కకు తిప్పుకుని, కూరలో గరిటె తిప్పేది. పక్కనున్న కుర్రాళ్లతో కబుర్లాడేది, కసిరేది, నవ్వేది. కుటుంబం చెప్పే లెక్కన 2018 డిసెంబరులో కన్నుమూసేనాటికి ఆమె వయసు నూట ఏడేళ్లు. అప్పటికి ఛానల్‌కు 12 లక్షలమంది చందాదారులున్నారు.

నూరేళ్లు దాటినా కట్టెలు సర్దుకుని పొయ్యి ముందు కూర్చోగలిగిన ఆరోగ్యం ఆమెకు ఎక్కడినుంచి వచ్చిందని చాలామంది ఆరా తీశారు. ఆమె తిన్నదాన్ని పట్టుకుని ఇదే ఆ రహస్యం అని చెప్పడం తొందరపాటు. ఒక్క మనిషి బతుకునుంచి వైద్యసూత్రం తీయకూడదు. ఒకటి మాత్రం కంటికి కనబడేదే. చివరిదాకా ఆమెకు ఒళ్లు వంచి చేసే పని ఉంది. ఆ పని కోసం ఎదురుచూసే మనుషులున్నారు. గుడిసెలో ఒక్కతే ఉండే ముసలామె చేతికి, నూరేళ్లు దాటాక, ఇంతమంది తినేవాళ్లు దొరికారు. వండిన కూరను మునిమనవడూ అతని స్నేహితులూ చుట్టూ చేరి తినేవారు. కెమెరా ఆపినా ఆగని భోజనం అది.

పేరుకే తాత, పంక్తికి తండ్రి

నారాయణ రెడ్డి దారి ఇంకొకటి. గ్రాండ్‌పా కిచెన్ ఛానల్ 2017లో మొదలైంది. తెల్లబట్టలు, తెల్లగడ్డం, ఆరుబయట కట్టెల మంట, దానిమీద నలుగురు పట్టినా కదలని పెనం. ప్రతి వీడియో మొదట్లో ఆయన ఇంగ్లిష్‌లో చిన్న మాట ఒకటి చెప్పేవాడు. ప్రేమించడం, పట్టించుకోవడం, పంచుకోవడం, ఇదీ నా కుటుంబం అన్నది దాని సారం. ఆ తర్వాత ఏ కంపెనీ డబ్బాలోనో దొరికే తిండిని వందమందికి సరిపడేలా ఇంట్లో వండినట్టే వండేవాడు. బిర్యానీ, నూడుల్స్, బర్గర్లు, వేయించిన కోడి, పిజ్జా. నిమ్మళంగా, ఒక్కో సరుకునూ ఎత్తి చూపిస్తూ, దాని పేరు పలుకుతూ పెనంలో వేసేవాడు.

వీడియో చివర్లో ఆ తిండి పిల్లల కంచాల్లోకి పోయేది. అనాథ పిల్లలు వరుసగా కూర్చుని తినడం, నవ్వడం. తన కుటుంబం అని ఆయన ఎవరిని అన్నాడో అక్కడ అర్థమయ్యేది. వండటానికీ, పెట్టటానికీ అయ్యే ఖర్చుకు చూసేవాళ్లు విరాళాలు పంపేవారు. 2019 అక్టోబరు 27న, 73 ఏళ్ల వయసులో ఆయన పోయేనాటికి ఛానల్‌ను 60 లక్షలమందికి పైగా అనుసరిస్తున్నారు. అంతిమయాత్ర వీడియోను కూడా ఆ ఛానల్‌లోనే పెట్టారు. ఎప్పుడూ ఆ ఊరు చూడని, ఆ భాష తెలియని మనుషులు దేశదేశాల నుంచి తమ తాత పోయినట్టే బాధపడ్డారు.

ఆయన వండిన వాటిలో వెన్న, మైదా, చక్కెర తక్కువేమీ కాదు. రోజూ అదే తింటే ఏ డాక్టరూ ఊరుకోడు. కానీ ఆ పిల్లలకు అది రోజువారీ తిండి కాదు, పండుగ. ప్రకటనల్లో చూసి నోరూరడమే తప్ప కొనుక్కునే వీలులేని పిల్లవాడికి పెద్దమనిషి ఒకడు పనిగట్టుకుని, పూటంతా మంట ముందు కూర్చుని అదే వండిపెట్టాడంటే, కడుపుతోపాటు నిండేది ఇంకోటి ఉంటుంది. తనను ఎవరో లెక్కలోకి తీసుకున్నారన్న ధైర్యం అది. వంట గురించి మాట్లాడేటప్పుడు కేలరీల పక్కన దీన్నీ లెక్కగట్టాలి.

తెలుగునేలకు ఇది కొత్త కాదు. గోదావరి లంకల్లో, ఇప్పటి కోనసీమలోని లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841–1909) వేళకాని వేళ వచ్చిన బాటసారికి కూడా పొయ్యి వెలిగించి వండిపెట్టింది. కులం అడగలేదు, పేరు అడగలేదు. ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేక వేడుకకు ఆమె చిత్రాన్ని అడిగి తెప్పించుకున్నారని ప్రసిద్ధి. గన్నవరం అక్విడక్టుకు ఆమె పేరే ఉంది. 2024 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో మధ్యాహ్న బడి భోజనమూ ఆమె పేరుమీదే నడుస్తోంది. తన కాలంలో ఆమె సెలబ్రిటీయే. రేడియో, టీవీ లేని రోజుల్లో ఆమె పేరును మోసింది తిన్నవాళ్ల నోళ్లే.

తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో ఒక తాత, ఆయన మనవలు కలిసి నడిపే విలేజ్ కుకింగ్ ఛానల్‌దీ ఇదే వరస. పొలంలో పెద్ద గంగాళాల్లో వండటం, ముసలివాళ్లకూ పేదవాళ్లకూ పెట్టటం. కోటిమంది చందాదారులను చేరిన మొదటి తమిళ ఛానల్ అదే. వంటవాడి నైపుణ్యం చూడటానికి మొదలుపెట్టిన జనం, చివర్లో వడ్డన చూడటానికి ఆగిపోతున్నారు. ఆ వడ్డన లేకపోతే ఈ వీడియోలకు ఇంత ఆకర్షణ ఉండేది కాదు.

నూరేళ్ల పేరున్న కాలనీ, విడివిడి కంచాలు

సింగరేణిలో బొగ్గు తవ్వకం 1889లో మొదలైంది. ఆ నూరేళ్ల గుర్తును పేరులోనే పెట్టుకున్న సెంటినరీ కాలనీ, రామగుండం-3 ఏరియా కార్మికుల ఊరు. పెద్దపల్లి జిల్లా రామగిరి మండలంలో, ఒకవైపు రామగిరి ఖిల్లా గుట్టలు, ఇంకోవైపు ఓపెన్‌కాస్ట్ మట్టిదిబ్బలు. దగ్గరలోనే అడ్రియాల లాంగ్‌వాల్ గని. పన్నూరు దిక్కున జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ. చుట్టుపక్కల పల్లెల నుంచీ, పాత కరీంనగర్, వరంగల్, ఆదిలాబాద్ జిల్లాల నుంచీ, కోస్తా నుంచీ, వేరే రాష్ట్రాల నుంచీ వచ్చిన కుటుంబాలు ఈ బొగ్గు బెల్టులో ఒకే వరస క్వార్టర్లలో ఉంటాయి. ఒక ఇంట్లో సర్వపిండి గిన్నె పొయ్యిమీదుంటే పక్కింట్లో గోంగూర పచ్చడి నూరుతారు. గోడ మీదుగా గిన్నెలు మారుతాయి.

ఒకప్పుడు ఈ క్వార్టర్లలో వంటంతా బొగ్గు పొయ్యిమీదే. పొద్దున్నే ప్రతి ఇంటి ముందూ పొయ్యి రాజేసి, పొగ తగ్గాక లోపలికి తీసుకుపోయేవాళ్లు. భర్త బాయిలో బొగ్గు దుమ్ము పీలిస్తే, భార్య ఇంట్లో బొగ్గు పొగ పీల్చింది. గ్యాస్ వచ్చాక ఆ పొగ పోయింది. కార్మికుల ఆరోగ్యం గురించి రాసిన చరిత్రల్లో ఈ మార్పుకు ఇంకా పెద్ద చోటు దక్కాల్సి ఉంది, ఎందుకంటే దానివల్ల ఊపిరి కుదుటపడింది మస్టర్ (హాజరుపట్టీ)లో పేరు లేని ఆడవాళ్లకు.

పొగ పోయినా వేళలు మాత్రం మారలేదు. గనుల చట్టం (1952) పని గంటలకు హద్దు పెట్టింది, భూమ్మీద పనిచేసేవాళ్లకు ఐదు గంటలకోసారి కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలంది. 250 మందికి మించి పనిచేసే గని దగ్గర క్యాంటీన్ పెట్టాలని 1955 నాటి గనుల నిబంధనలు చెప్పాయి. బయట తిండికి ఇన్ని ఏర్పాట్లున్నాయి. ఇంటి భోజనాన్ని కాపాడే నిబంధన ఏదీ ఉండదు, అది ఇంటివాళ్లే పెట్టుకోవాలి.

దాని విలువ ఎంతో ఇటీవలి పరిశోధనలు చూపిస్తున్నాయి. 2025 ప్రపంచ ఆనంద నివేదిక ఒక అధ్యాయాన్ని పూర్తిగా కలిసి తినడానికే కేటాయించింది. వారంలోని పద్నాలుగు ప్రధాన భోజనాల్లో ఎన్నింటిని తెలిసినవాళ్లతో కలిసి తిన్నారని ప్రపంచమంతటా అడిగారు. సెనెగల్‌లో సగటున 11.7 పూటలు. బంగ్లాదేశ్, ఎస్టోనియాల్లో 2.7. ఎక్కువ పూటలు కలిసి తినేవాళ్లు తమ జీవితంపట్ల ఎక్కువ తృప్తి చెప్పారు. అమెరికాలో 2023 లెక్కన ప్రతి నలుగురిలో ఒకరు ముందురోజు అన్ని పూటలూ ఒంటరిగానే తిన్నారు. కలిసి తినడమే తృప్తికి కారణమా, తృప్తిగా ఉన్నవాళ్లే కలిసి తింటారా అన్నది ఈ లెక్కలతో తేలదు. అయినా దక్షిణాసియా ఇందులో అడుగు వరుసల్లో ఉండటం మనం ఆలోచించాల్సిన సంగతే. ఉమ్మడి కుటుంబాల దేశమని గొప్పగా చెప్పుకుంటాం. మగవాళ్లు ముందు, పిల్లలు తర్వాత, ఆడవాళ్లు చివర అన్న వడ్డన వరస ఉన్నన్నాళ్లూ, ఒకే కప్పు కింద నలుగురున్నా నలుగురివీ ఒంటరి భోజనాలే.

రాత్రి పని చేసేవాళ్లకు ఇంకో చిక్కుంది. బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ హాస్పిటల్ పరిశోధకులు 2021 చివర్లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. 19 మంది ఆరోగ్యవంతులను ప్రయోగశాలలో ఉంచి నైట్ షిఫ్ట్ వేళలు అలవాటు చేశారు. కొందరు రాత్రీ పగలూ తిన్నారు, కొందరు పగలు మాత్రమే తిన్నారు. రాత్రి తిన్నవాళ్ల రక్తంలో చక్కెర సగటున 6.4 శాతం పెరిగింది. పగలు మాత్రమే తిన్నవాళ్లలో చెప్పుకోదగ్గ పెరుగుదల లేదు. చిన్న ప్రయోగమే, అందులోనూ ప్రయోగశాలలో చేసింది. దాన్ని పట్టుకుని బాయి పనివాడిని రాత్రంతా పస్తుండమని చెప్పలేం. నడిరాత్రి పెద్ద భోజనం తగ్గించి, డ్యూటీకి ముందు కడుపునిండా తినిపోవడం, మధ్యలో తేలికపాటివి పెట్టుకోవడం మేలని చెప్పడానికి మాత్రం అది పనికొస్తుంది. ఇప్పటికే షుగర్ మందులు వాడేవాళ్లు వేళలు మార్చేముందు డాక్టరును అడగాలి.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు చదివితే, ఒక కార్మికుడి టిఫిన్ గిన్నె కళ్లముందు మెదులుతుంది. రోజు మొత్తంలో తినేదాంట్లో కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు కలిపి సగం ఉండాలని ఆ సంస్థ చెబుతోంది. ఉప్పు రోజుకు ఐదు గ్రాములు మించకూడదు. మన గిన్నెలో ముప్పావు వంతు అన్నం, పావు కూర, పైన తొక్కు. అన్నం తగ్గించి పప్పూ ఆకుకూరా పెంచడం కష్టం కాదు, తొక్కు తగ్గించమనడమే తెలంగాణ నాలుకకు కష్టం. ఎండాకాలం ఓపెన్‌కాస్ట్‌లో చెమటోడ్చేవాడి ఒంట్లోంచి ఉప్పు పోతుంది నిజమే. దానికి మజ్జిగ, అంబలి ఉన్నాయి. జొన్న గట్కా, అంబలీ ఈ నేల తిండే. చిరుధాన్యాల సంవత్సరమని 2023లో ప్రపంచమంతా వాటిని పొగడకముందే, ఇక్కడి ముసలివాళ్లు వాటితోనే ఎండలు దాటారు.

మూడు షిఫ్టులూ ఆమెవే

అసలు విషయం ఇక్కడుంది. జాతీయ గణాంక కార్యాలయం 2024 సమయ వినియోగ సర్వే ప్రకారం, దేశంలో ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు జీతం లేని ఇంటిపనికి పెడుతున్నారు. ఇంటిపని చేసే మగవాళ్లు పెట్టేది 88 నిమిషాలు. 2019లో ఆడవాళ్లది 299. ఐదేళ్లలో తగ్గింది పది నిమిషాలు. ఆ తగ్గిన పదిని మగవాళ్లు అందుకున్నారనుకోవడానికీ లేదు, వాళ్లవి కూడా 97 నుంచి 88కి తగ్గాయి.

సింగరేణి ఇళ్లలో ఈ లెక్కకు ఇంకో మెలిక పడింది. తండ్రో, భర్తో వైద్యపరంగా అన్‌ఫిట్ అయితేనో, చనిపోతేనో కారుణ్య నియామకం కింద కూతుళ్లూ, భార్యలూ ఉద్యోగంలో చేరుతున్నారు. 2019 జనవరిలో కేంద్ర ప్రభుత్వం నిబంధనలు సడలించి, ఓపెన్‌కాస్ట్‌లో రాత్రి పనికీ, భూగర్భంలో పగటిపూట కొన్ని సాంకేతిక, పర్యవేక్షణ పనులకూ ఆడవాళ్లకు దారి తెరిచింది. మస్టర్‌లో ఆమె పేరు ఎక్కింది, మంచి మాట. కానీ ఆమె డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి పొయ్యిమీద ఏముందన్నది ప్రతి ఇంటి ప్రశ్న. ఆమె వచ్చాకే బియ్యం కడిగే ఇల్లయితే, ఆ ఉద్యోగంతో ఇంటికి జీతం పెరిగింది, ఆమెకు పని పెరిగింది. ఆరోగ్యం సంగతి చెప్పక్కర్లేదు. అందరికీ పెట్టి, మిగిలిన అడుగు కూరతో, చల్లారిన అన్నంతో, నిలబడే తినేసే మనిషికి రక్తం తక్కువని హాస్పిటల్‌లో తేలినప్పుడు ఇంటివాళ్లు ఆశ్చర్యపోవడమే ఆశ్చర్యం.

మస్తానమ్మను, నారాయణ రెడ్డిని మళ్లీ చూడాల్సింది ఈ వెలుగులో. ఒక మగవాడు, అదీ డెబ్బై దాటిన రెడ్డి తాత, పొయ్యి ముందు కూర్చుని పిల్లలకోసం వండటం లక్షల ఇళ్లల్లో ఫోన్ తెరమీద మామూలు దృశ్యమైంది. అది చిన్న పని కాదు. మన దగ్గర మగవాళ్లు వండరని కాదు. దావత్‌లో మాంసం వండేది వాళ్లే, వనభోజనాల్లో గరిటె పట్టేది వాళ్లే, పెళ్లి వంటలకు పిలిచే వంటమాస్టర్లూ వాళ్లే. పదిమంది మెచ్చుకునే చోట వండటానికి మగవాడికి సిగ్గు లేదు. మంగళవారం పొద్దున, ఎవరూ చూడని ఇంట్లో, పిల్లల డబ్బాలోకి బెండకాయ వేపుడు చేయడానికే చేతులు రావు. నారాయణ రెడ్డి గొప్పదనం నాకర్థమైనంతవరకు ఆయన వంటల్లో కంటే ఆయన ఓపికలో ఉంది. ఉల్లిగడ్డ కోయడం దగ్గర్నుంచి గిన్నె దించేదాకా తొందర లేని ఆ నెమ్మది, పిల్లలకు పెట్టే పనిని ఆయన ఎంత పెద్ద పనిగా చూశాడో చెబుతుంది.

మస్తానమ్మ విషయంలో నేర్చుకోవాల్సింది ఆమె కంటే ఆమె మునిమనవడినుంచి ఎక్కువ. వంట రాకపోవడం ఒక లోటని ఆ కుర్రాడికి తెలిసింది. తెలిసినవాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకున్నాడు, ఆ నేర్చుకోవడమే ఛానల్ అయింది. ముసలవ్వను మంచానికి వదిలేయకుండా, ఆమె చేతిలో ఉన్న విద్యకు విలువ కట్టాడు. పొరుగునున్న జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో మై విలేజ్ షో యూట్యూబ్ ఛానల్ కుర్రాళ్లు గంగవ్వను కెమెరా ముందుకు తెచ్చినప్పుడు జరిగిందీ ఇలాంటిదే. అది వంట కాదు, మాట. పని చేసి చేసి అలసిన ఒక ముసలి పల్లె ఆడమనిషి మాటకు లోకం చెవొగ్గింది.

కాలనీ జీవితంలో వండినవాళ్లంతా ఒక్కచోట కూర్చుని తినే రోజు ఏడాదిలో ఒకటి తప్పకుండా వస్తుంది. సద్దుల బతుకమ్మ నాడు ఆడవాళ్లు పొద్దంతా వండిన పెరుగు సద్ది, పులిహోర, నువ్వుల సద్ది, మలీద తీసుకుని మైదానానికి వస్తారు. బతుకమ్మను నీళ్లలో వదిలాక ఒకరి సద్ది ఒకరికి పంచుకుంటారు. ఆ పూట వడ్డించేదీ వాళ్లే, తినేదీ వాళ్లే. ఎవరూ ఎవరికోసమూ ఆగక్కర్లేదు. ఇచ్చిపుచ్చుకోవడంలో క్వార్టర్ నంబర్లూ, భర్తల హోదాలూ మాయమవుతాయి. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజుల పండుగలో ఈ భోజనానికి రావలసినంత గుర్తింపు రాలేదనిపిస్తుంది. పాటలు రికార్డు చేశాం, పూల గురించి రాశాం. ఆడవాళ్లు ఆడవాళ్లకు పెట్టుకునే ఈ తిండిని మాత్రం పండుగ చివర చిన్న ముచ్చటగా దాటేస్తున్నాం.

మిగిలిన మూడువందల అరవై నాలుగు రోజుల సంగతి? షిఫ్టులు మనం మార్చలేం. కానీ వారంలో ఒక ప్లే డే, అంటే వారపు సెలవు, ఉంటుంది. ఇంటిల్లిపాదీ దొరికే పూట అది ఒక్కటే కావచ్చు. ఆ పూట అందరి కంచాలూ ఒకేసారి పెట్టుకుని, గిన్నెలు మధ్యలో ఉంచి, ఎవరిది వాళ్లే వడ్డించుకుంటే వండిన మనిషికి కూర్చునే వీలుంటుంది. సెకండ్ షిఫ్ట్ వారంలో రాత్రి భోజనం కలవకపోతే పగటి భోజనం కలపవచ్చు. నైట్ షిఫ్ట్ దిగినవాడు పిల్లలు బడికి పోకముందే వాళ్లతో కలిసి ఇంత ఉప్మా తిని పడుకోవచ్చు. ఇవన్నీ చేస్తున్న ఇళ్లు బొగ్గు బెల్టులో ఉన్నాయి. వాళ్లకు ఎవరూ చెప్పలేదు, అవసరం నేర్పింది.

పిల్లల దగ్గర మార్పు త్వరగా వస్తోంది. ఇంజినీరింగ్ చదువుకో, కోచింగ్‌కో, ఉద్యోగానికో హైదరాబాద్ పోయి గదుల్లో ఉండే కుర్రాళ్లు లక్ష్మణ్‌లాగే ఫోన్ చూసి పప్పుచారు పెట్టడం, పచ్చిపులుసు కలపడం, గుడ్డుకూర చేయడం నేర్చుకుంటున్నారు. సంక్రాంతి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఆ విద్య బ్యాగులోనే ఉండిపోతే లాభం లేదు. అమ్మ డ్యూటీ దిగి వచ్చే వేళకు అన్నం వార్చి, కూర చేసి, ముందు ఆమెకే వడ్డించే కొడుకులు ఇప్పుడు కొందరున్నారు. ఆమె మొదట మొహమాటపడుతుంది, ఉప్పు ఎక్కువైందంటుంది, పోపు మాడిందంటుంది. వంకలు పెడుతూనే, వేడివేడిగా, కూర్చుని తింటుంది.